బేరింగు లేని ఉత్తరం

తెనాలిలో మా పిన్ని ఫోనుకు మెసేజి వచ్చినప్పుడల్లా ఆమె ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "ఒరే, దీనికి నా బాలెన్సు కోస్తారా?" గ్యాసు బండ బుక్ అయిందని వచ్చినా, పింఛను పడిందని వచ్చినా, ఓటీపీ వచ్చినా అదే మాట. సెల్‌ఫోన్ల తొలిరోజుల్లో మోగిన ఫోను ఎత్తినందుకు కూడా డబ్బు కట్టిన తరం ఆమెది. పిలిచినవాళ్లే చెల్లించాలన్న పద్ధతి మన దేశంలో 2003 మే 1న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా "ఇంకామింగ్" అన్నది కూడా బిల్లులో ఒక పద్దు. ఆ భయం ఆమెకింకా పోలేదు.

"లేదు పిన్నీ, పంపినవాళ్లే కట్టుకుంటారు" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఒకరోజు తిరిగి అడిగింది. "అవసరం నాదైతే డబ్బు వాళ్లెందుకు కడతార్రా?" నా దగ్గర జవాబు లేదు. వెతుక్కుంటూ వెళ్తే ఆ నాలుగు ముక్కల సందేశంలో ఉన్న పనితనం కనిపించింది. ఎవరు కట్టాలన్న ప్రశ్నే దాని పొడవునీ మాటలనీ ఆఖరికి చుక్కల్నీ కామాల్నీ తీర్చిదిద్దిందని అర్థమైంది. మగ్గం మీద ఎక్కడ ఏ దారం పడాలో ముందే లెక్క వేసుకున్నట్టుంటుంది ఆ పని.

బేరింగు ఉత్తరం అన్న మాట మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. స్టాంపు అంటించకుండా డబ్బాలో వేస్తే, అందుకున్నవాడు రెట్టింపు రుసుము కట్టి విడిపించుకోవాలి. ఇంగ్లండులో ఒకప్పుడు తపాలా అంతా దాదాపు ఇలాగే నడిచేది. ఉత్తరం అందుకున్నవాడే డబ్బు కట్టేవాడు. తపాలా సంస్కర్త రోలండ్ హిల్ వాదించి గెలిచాక 1840లో అక్కడ ముందే చెల్లించే స్టాంపు వచ్చింది. మన దేశంలో 1854లో పావు తులం ఉత్తరానికి అర అణా చొప్పున, దూరంతో పని లేకుండా, ఒకే రేటు పెట్టారు. 1879 జులై 1న పావు అణాకు కార్డు వచ్చింది. "క్షేమంగా చేరినట్టు కార్డు ముక్క రాయి" అని ఊరు వెళ్లేవాళ్లకు చెప్పే మాట అక్కడి నుంచే పుట్టింది. చిన్న కార్డు, చిన్న రుసుము, పంపేవాడిదే ఖర్చు. ఎస్‌ఎంఎస్ కార్డుకు నిజమైన వారసురాలు. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. దాన్ని రూపొందించినవాళ్లు నిజంగానే కార్డులు ముందేసుకుని లెక్క కట్టారు.

ఆ లెక్క కట్టిన మనిషి ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్, జర్మనీ ఇంజనీరు. 1985లో బాన్ నగరంలోని తన ఇంట్లో టైపు మిషను ముందు కూర్చుని, తోచిన ప్రశ్నలూ కబుర్లూ కొడుతూ ఒక్కొక్క వాక్యానికి ఎన్ని అక్షరాలు పడుతున్నాయో లెక్కపెట్టాడు. ఖాళీలూ చుక్కలూ కలుపుకున్నా దాదాపు అన్నీ ఒకటి రెండు వరుసల్లోనే తేలాయి. 160 దాటినవి అరుదు. పోస్టుకార్డులు చూస్తే వాటిలోనూ చాలామటుకు 150 లోపే. టెలెక్సు సందేశాల పొడవూ దాదాపు అంతే. మనిషికి చెప్పవలసిన ముఖ్యమైన మాట ఎంత పొడవుంటుందో మనుషుల రాతలోనే వెతికి పట్టుకున్నాడు. ఇంజనీరింగులో నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి ఇదే.

ఇంత పొదుపు ఎందుకంటే, ఈ సందేశానికి కొత్తగా దారి వేయలేదు. ఫోను ఎక్కడుందో టవరుకు చెప్పుకోవడానికీ, కాల్ వస్తోందని గంట మోగించడానికీ నెట్‌వర్కులో ఒక సన్నని కబురు దారి ఎప్పుడూ ఉంటుంది. అది చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో సందేశాన్ని పంపుదామన్నది ఆలోచన. ఆ సన్నని దారిలో ఒక్కసారికి పట్టేది 140 బైట్లు. కంప్యూటరు మామూలుగా ఒక అక్షరానికి ఎనిమిది బిట్ల గది, అంటే ఒక బైటు, ఇస్తుంది. అలాగైతే 140 అక్షరాలే పడతాయి. కానీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని ఐరోపా అక్షరాలు అన్నీ కలిపి 128 గుర్తులతో పట్టిక తయారుచేస్తే ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు చాలు. ప్రతి గదిలోనూ మిగిలే ఒక్క బిట్టును వాళ్లు వదల్లేదు. తర్వాతి అక్షరం ముక్కను తెచ్చి అందులో ఇరికించారు, దాని తర్వాతి అక్షరంలోంచి రెండు ముక్కలు, ఆ తర్వాత మూడు. ఇలా ఏడు గదుల్లో ఎనిమిది అక్షరాలు సర్దుకున్నాయి. 160ని ఏడుతో హెచ్చిస్తే 1120. 140ని ఎనిమిదితో హెచ్చించినా 1120. ఒక్క బిట్టు మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు. ఆత్రేయపురం పూతరేకు మడత విప్పి చూస్తే కలిగే ఆశ్చర్యం ఈ లెక్క చూసినప్పుడు నాకు కలిగింది.

1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు ఈ దారిలో మొదటి సందేశం పంపాడు. ఫోన్లలో అక్షరాలు కొట్టే వీలు అప్పటికి లేక కంప్యూటరు మీద కొట్టి పంపాడు. అది క్రిస్మస్ శుభాకాంక్ష.

ఇక మన ఫోన్లలోకి వచ్చే సందేశాల సంగతి. బ్యాంకు, రైలు టికెట్టు, కొరియరు, ఆన్‌లైన్ దుకాణం ఏదైనా సరే, తాను పంపే ప్రతి సందేశానికీ డబ్బు కడుతుంది. మధ్యవర్తి సంస్థ దగ్గర టోకున కొంటుంది కాబట్టి దేశం లోపలైతే ఒక్కోదానికి సాధారణంగా పావలా కూడా పడదు. కానీ రోజుకు లక్షల్లో పంపేవాళ్లకు పైసలే కోట్లవుతాయి. పొడవు 160 దాటితే రెండో సందేశం లెక్క మొదలవుతుంది. పైగా రెండు ముక్కల్నీ చేర్చి కుట్టడానికి దారం కావాలి కదా, అందుకు ఆరు బైట్లు పోయి ఒక్కో ముక్కలో 153 అక్షరాలే మిగులుతాయి. అందుకే ఈ సందేశాలు రాసేవాళ్లు పూర్వం టెలిగ్రాము ఫారం నింపినవాళ్లలా ప్రతి మాటనీ తూకం వేస్తారు.

ఆ తూకం ఎంత సున్నితమో ఒక్క గుర్తు చూస్తే తెలుస్తుంది. మన రూపాయి గుర్తు ₹ 2010లో వచ్చింది. 1980లలో తయారైన ఆ 128 గుర్తుల పట్టికలో దానికి చోటు లేదు. ఇంగ్లీషు సందేశంలో ఆ ఒక్క గుర్తు పెడితే చాలు, సందేశం మొత్తం, అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్‌లోకి మారి ప్రతి అక్షరమూ రెండు బైట్లు తినేస్తుంది. అప్పుడు పట్టేవి 160 కాదు, 70. ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు 67. అంటే 150 అక్షరాలతో ఒకే సందేశంగా పోవలసింది మూడు సందేశాలుగా పోతుంది, మూడింతల ఖర్చుతో. బ్యాంకు మెసేజిల్లో రూపాయి గుర్తు బదులు పాతకాలపు ఆర్, ఎస్, చుక్క ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వంకర కొటేషన్ గుర్తులతోనూ ఇదే చిక్కు. ఎక్కడో టైపు చేసి తెచ్చి అతికించిన వాక్యంలో అలాంటిది ఒక్కటి దాక్కుని ఉన్నా బిల్లు మారిపోతుంది. మంచి పనివాడు సందేశాన్ని పంపేముందు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఈ గుర్తులను ఏరి పారేస్తాడు.

ఓటీపీ సందేశాన్ని ఒకసారి నింపాదిగా చూడండి. చాలావాటిలో అంకెలు మొదట్లోనే ఉంటాయి, ఫోను తెరవకుండానే పైన కనిపించాలని. ఎంత సొమ్ముకు, ఎక్కడ అన్నది ఆ వెంటనే వస్తుంది, మోసం జరుగుతుంటే అక్కడే తెలిసిపోవాలని. కొన్నిటి చివర అర్థంపర్థం లేని 11 అక్షరాల గుత్తి కనిపిస్తుంది. అది చెత్త కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఓటీపీ అడిగిన యాప్ తనకు వచ్చిన ఆ ఒక్క సందేశాన్ని గుర్తుపట్టి, మీ మిగతా మెసేజిల జోలికి పోకుండా అంకెలు తీసుకోవడానికి గూగుల్ పెట్టిన ముద్ర అది. ఐఫోన్ల కోసమైతే చివరి వరుసలో వెబ్‌సైటు పేరూ అంకెలూ ఒక పద్ధతిలో రాస్తారు. అంకెలు వేరే దొంగ సైటులో పడకుండా అదొక కాపలా. అక్షరానికో గది అనుకుంటే, 160 గదుల ఇంట్లో 11 గదులు కాపలాకే ఇచ్చారంటే, ఆ ఇల్లు కట్టినవాళ్లకు ఏది ముఖ్యమో తెలుసన్నమాట.

మన దేశంలో దీనికి మరో వరస కూడా చేరింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం వ్యాపార సందేశం పంపేవాళ్లు తమ పేరునూ పంపబోయే వాక్యాల నమూనానూ ముందే నమోదు చేసుకోవాలి. నమూనా అంటే అచ్చు లాంటిది. మారే చోట్లు, అంటే మీ అంకెలు, సొమ్ము, తేదీ పడే చోట్లు, మాత్రమే ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ ఒక్కోదానికీ అక్షరాల హద్దు ఉంటుంది. పంపిన సందేశం అచ్చుతో సరిపోలకపోతే నెట్‌వర్కు దాన్ని దారిలోనే ఆపేస్తుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీ గట్టిగా మొదలెట్టేసరికి అచ్చులు సరిచూసుకోని సంస్థల ఓటీపీలు దేశమంతా ఆగిపోయాయి. మర్నాడే ట్రాయ్ వారం రోజుల గడువిచ్చింది. తర్వాత అందరూ దారిలో పడ్డారు.

పంపినవారి పేరు స్థానంలో కనిపించే అక్షరాలూ ఊరికే వేసినవి కావు. గీతకు ముందు రెండక్షరాలుంటాయి. మొదటిది సందేశం బయలుదేరిన కంపెనీ, రెండోది టెలికాం సర్కిల్. ఏడీ అంటే ఎయిర్‌టెల్ ఢిల్లీ, వీఎం అంటే వొడాఫోన్ ముంబై. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అక్షరం ఏ. రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో తెలంగాణ ఇంకా ఆ సర్కిల్‌లోనే ఉంది. గీత తర్వాత సంస్థ పేరు. 2025లో వచ్చిన సవరణతో చివర ఇంకో అక్షరం చేరింది. పీ ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సేవ, టీ ఉంటే లావాదేవీ, జీ ఉంటే ప్రభుత్వం. కవరు మీద తపాలా ముద్ర చదివినట్టు దీన్ని చదవవచ్చు. పిన్నికి నేర్పాను. ఇప్పుడు పీ చూసి తెరవకుండానే తీసేస్తోంది.

మరి తెలుగులో పంపితే? ఇక్కడ నా మనసు కాసేపు బరువెక్కింది. తెలుగు సందేశానికి దొరికేవి ఆ 70 గదులే. పైగా మన అక్షరం ఒక్క గదిలో ఇమడదు. "మీ" అంటే మ ఒక గది, గుడిదీర్ఘం ఒక గది. "లక్ష్మి" కంటికి రెండక్షరాలే, కానీ ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు గదులు. ఈ ఇరుకులో మంచి తెలుగు సందేశం రాయడం సాధ్యమా అని నేనే ఒకటి రాసి చూశాను. మొదట ఇలా వచ్చింది: "రూ.2500 చెల్లింపుకు మీ ఓటీపీ 482913. ఎవరికీ చెప్పకండి. 10 నిమిషాల్లో వాడండి." లెక్కపెడితే 76. ఆరు గదులు ఎక్కువై రెండు సందేశాలైంది, ఖర్చు రెట్టింపు. "చెల్లింపుకు" అన్న మాట ముందున్న ఖాళీతో కలిపి 12 గదులు తింటోంది. తీసేసి "రూ.2500కు మీ ఓటీపీ 482913. ఎవరికీ చెప్పకండి. 10 నిమిషాల్లో వాడండి." అని మారిస్తే 66కు దిగింది. అర్థం చెడలేదు, ఇంకా చెప్పాలంటే నోటి మాటకు దగ్గరైంది. కానీ పంపిన సంస్థ పేరుకు మిగిలింది నాలుగు గదులే. పేరు పైన ముద్రలో ఉంటుంది కనుక సరిపెట్టుకోవచ్చు. అయినా ఒకే కబురు ఇంగ్లీషులో చెబితే 160, తెలుగులో చెబితే 70 అయినప్పుడు, పైసలు లెక్కపెట్టుకునే సంస్థ ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. మా పిన్నికి వచ్చే మెసేజిలన్నీ ఇంగ్లీషులో ఉండటానికి ఇదొక్కటే కారణమనను, కానీ ఇదీ ఒక కారణమే.

దీనికి మందు తయారుచేసినవాళ్లు కూడా ఉన్నారని తెలిసి నాకు ఎంతో సంతోషం కలిగింది. మొబైల్ ప్రమాణాలు రాసే సంఘం ఆ ఏడు బిట్ల పద్ధతిలోనే తెలుగుకు ప్రత్యేకంగా ఒక పట్టిక చేర్చింది. తెలుగుతోపాటు హిందీ, తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీ, ఉర్దూ వంటి మన భాషలు మొత్తం పదింటికి పట్టికలున్నాయి. సందేశం మొదట్లో "ఇది తెలుగు పట్టికతో చదువు" అని చెప్పే నాలుగు బైట్ల చీటీ ఉంటుంది. అది పోగా మిగిలిన 136 బైట్లలో 155 గుర్తులు పడతాయి. 70 ఎక్కడ, 155 ఎక్కడ. కానీ అందుకునే ఫోనుకు ఆ పట్టిక తెలిసి ఉండాలి. తెలియని ఫోనులో అది గజిబిజిగా కనబడుతుంది. ఎవరి చేతిలో ఏ ఫోనుందో పంపేవాడికి తెలియదు కనుక, ఎక్కడైనా చదవగలిగే 70 గదుల ఇంటినే ఎంచుకోవలసి వస్తుంది. ఆ పట్టికను గీసినవాళ్లు మన పొల్లునూ గుడినీ తీసుకెళ్లి ఏడు బిట్లలో కూర్చోబెట్టారు. వాడినా వాడకపోయినా అది మన భాషకు జరిగిన ఒక మర్యాద.

డబ్బు దారి దగ్గరికి మళ్లీ వస్తాను. సంస్థ కట్టిన పైసల్లో మధ్యవర్తికి కొంత, పంపిన టెలికాం కంపెనీకి కొంత పోతుంది. 2013లో ట్రాయ్ వేసిన లెక్క ప్రకారం ఒక నెట్‌వర్కులో పుట్టిన సందేశాన్ని మరో నెట్‌వర్కు తన ఖాతాదారుకు చేరవేస్తే, చేరవేసిన కంపెనీకి 2 పైసలు ముట్టాలి. వ్యాపార సందేశమైతే పైన 5 పైసల దాకా తీసుకోవచ్చని 2018 నిబంధనలు చెబుతాయి. ఈ 5 పైసలు చిన్నవే, కానీ కోట్ల మందికి ఊరికే విసరాలనుకునే ప్రచారకుడి చేతిని కాస్త ఆపేది ఆ చిన్న మొత్తమే. ప్రభుత్వం పంపే సందేశాలకు ఆ రుసుము లేదు.

పంపేవాడే కట్టాలన్న నియమం లేని చోట ఏం జరిగేదో అమెరికాలో ఉన్న మనవాళ్లకు తెలుసు. అక్కడ 2000ల్లో ప్లానులో లేకపోతే వచ్చిన మెసేజికి కూడా డబ్బు పడేది. 2005లో 10 సెంట్లున్న రేటు 2008కల్లా 20 సెంట్లైంది. ఎందుకిలా అని సెనేటర్ హెర్బ్ కోల్ నాలుగు పెద్ద కంపెనీలకు లేఖ రాశారు. వచ్చిన మెసేజికీ డబ్బు పడేది కనుకే అక్కడి వ్యాపార సందేశాల్లో "మెసేజి, డేటా రుసుములు పడవచ్చు" అన్న హెచ్చరిక అలవాటైంది. పొట్టి ఇంగ్లీషులో రాసినా ఖాళీలతో కలిపి 26 గదులు దానికే పోతాయి. మన సందేశాలకు ఆ బరువు లేదు.

పంపేవాడికి ఈ ఖర్చు ఎంత బరువో చూడాలంటే ట్విట్టర్ కథ చూడాలి. 2006లో పుట్టినప్పుడు అది ఎస్‌ఎంఎస్ మీదే నడిచింది. 160 గదుల్లో పేరుకు 20 వదిలి మాటకు 140 ఇచ్చారు. లోకమంతా అలవాటుపడిన ఆ 140 వెనక ఉన్నది హిల్లెబ్రాండ్ టైపు మిషనే. 2008 ఆగస్టులో అమెరికా, కెనడా, భారత్ తప్ప మిగతా దేశాలకు ఎస్‌ఎంఎస్‌లు పంపడం మానేస్తున్నామని ట్విట్టర్ ప్రకటించింది. వారానికి 250 సందేశాల హద్దు పెట్టినా ఒక్కో మనిషికి ఏడాదికి సుమారు 1,000 డాలర్లు కావచ్చని లెక్క చెప్పింది. 2023లో ఇంకో దెబ్బ. ఓటీపీల పేరుతో తప్పుడు నంబర్లకు సందేశాలు పంపించి, వాటిమీద వచ్చే సొమ్ము పంచుకునే ముఠాల వల్ల ఏడాదికి 6 కోట్ల డాలర్లు పోతున్నాయని అప్పటికి ట్విట్టర్‌ను కొన్న ఎలాన్ మస్క్ అన్నారు. ఆ ఏడాది మార్చి 20 నుంచి డబ్బు కట్టిన సభ్యులకే ఎస్‌ఎంఎస్ ఓటీపీ ఉంచారు. ఎంత చక్కగా నేసిన గుడ్డకైనా అంచు దగ్గర ఒక బలహీనమైన చోటుంటుంది. దీనికి ఆ చోటు ఇదే.

మన బ్యాంకులు ఈ ఖర్చును మోసే తీరు కాస్త భిన్నం. కార్డు లావాదేవీలన్నిటికీ, మొత్తం ఎంతైనా సరే, వెంటనే కబురు పంపాలని రిజర్వు బ్యాంకు 2011లో ఆదేశించింది. ఆ కబుర్ల ఖర్చును ఖాతాదారు నుంచి కొంత రాబట్టుకోవచ్చు. కానీ అందరికీ ఒకే మొత్తం బాదకుండా, ఎవరికి ఎన్ని పంపారో లెక్క చూసి వసూలు చేయాలని 2013 నవంబరులో చెప్పింది. పాస్‌బుక్కులో మూడు నెలలకోసారి కనిపించే ఎస్‌ఎంఎస్ చార్జీ అదే. పిన్ని పాస్‌బుక్కు తిరగేసి చూపిస్తే ఆమె వేలు ఆ వరుస మీద చాలాసేపు ఆగింది.

ఆమె అనుమానం పూర్తిగా తప్పు కాదని నాకు ఇంకో విషయంలోనూ తెలిసింది. వచ్చే సందేశానికి బాలెన్సు కోయరు నిజమే, కానీ రీచార్జి గడువు అయిపోయిన నంబరుకు కొన్నాళ్లకు సందేశాలే రావు. ఇంటర్నెట్టు అక్కర్లేనివాళ్లు కూడా ఇంటర్నెట్టున్న ప్యాకే కొనవలసి వస్తోందని గుర్తించి, మాటలకూ మెసేజిలకూ మాత్రమే విడిగా ప్యాకులు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన పెట్టింది.

కిందటి సంక్రాంతికి ఆమె ఫోనులో యూపీఐ పెట్టాను. అక్కడ ఈ పనితనమంతా ఒక్కసారి తలకిందులవుతుంది. మామూలుగా సందేశం వాళ్ల నుంచి మనకు వస్తుంది. యూపీఐ యాప్ మాత్రం మన సిమ్ నుంచి వాళ్లకు ఒక సందేశం పంపమంటుంది. ఓటీపీని ఎవరైనా ఫోనులో అడిగి చెప్పించుకోవచ్చు. కానీ ఆ నంబరు నుంచి సందేశం బయలుదేరాలంటే ఆ సిమ్ ఆ ఫోనులోనే ఉండాలి. పంపిన నంబరు ఏదో చెప్పేది నెట్‌వర్కే, మనం కాదు. ఒకే ఒక్క సందేశాన్ని వెనక్కి తిప్పి మనిషినీ సిమ్‌నూ ఫోనునూ ఒక ముడిలో కట్టేశారు. ఇక్కడ పంపేవాళ్లం మనం కనుక ఖర్చూ మనదే.

పిన్ని బాలెన్సులో మెసేజికి సరిపడా లేక మొదటిసారి ఆగిపోయింది. సందు చివరి కొట్టుకు వెళ్లి రీచార్జి చేయించుకొచ్చాం. మళ్లీ నొక్కాను. సందేశం పోయింది, తెర మీద పచ్చ టిక్కు పడింది. ఆమె వెంటనే బాలెన్సు చూపించమంది. చూసి, కళ్లజోడు తీసి, "ఇదిగో, ఇది కోశారు" అంది. "ఇది నేను పంపిందే కదా" అని తనే అనుకుని, మొదటి చెల్లింపుగా పాలబ్బాయికి డబ్బు పంపడానికి నంబరు వెతకడం మొదలుపెట్టింది.